దూరపు వేటకు మజిల్‌లోడర్: తుపాకీ కన్నా ముందు చూడవలసినవి

‘మూడు వందల గజాల దూరంలో జింకను కొట్టగల మజిల్‌లోడర్ ఏది?’ అమెరికాలో ఈ తరహా వేటకు కొత్తగా దిగేవారు ముందుగా అడిగే ప్రశ్న ఇది. ప్రశ్నలో తప్పు లేదు, దాని వరసే తలకిందులుగా ఉంది. తుపాకీ పేరు ఈ లెక్కలో చివర తేలాలి. ఏ రాష్ట్రంలో వేటాడబోతున్నారు, అక్కడి నిబంధనలు ఏ తూటాను, ఏ తుపాకీ మందును, ఏ గురిసాధనాన్ని ఒప్పుకుంటాయి, ఆ తూటాకు గొట్టంలో ఎంత మెలి కావాలి, మందును ఏ పద్ధతిలో అంటించాలి అన్నవన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి. వీటిని వదిలేసి అంగడిలో అందంగా కనిపించిన తుపాకీ కొన్నవారికి వేట రుతువు మొదలయ్యాక అది పనికిరాదని తెలుస్తుంది.

మజిల్‌లోడర్ అంటే గొట్టం మూతి వైపు నుంచి మందు పోసి, దాని మీద తూటాను దించి, కడ్డీతో దట్టించి పేల్చే తుపాకీ. పేల్చిన ప్రతిసారీ ఈ పని మొదటి నుంచి చేయాలి. మామూలు రైఫిల్‌లో మందు, తూటా, నిప్పు పుట్టించే ప్రైమర్ మూడూ ఇత్తడి కార్ట్రిడ్జ్‌లో కర్మాగారం నుంచే బిగిసి వస్తాయి. ఇక్కడ ఆ కర్మాగారం చేసే పని వేటగాడే చేస్తాడు. ఒకే నమూనా తుపాకీ ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా పేలడానికి కారణం ఇదే.

మన దగ్గర ఈ సంగతి వినగానే ఏజెన్సీ ప్రాంతాల నాటు తుపాకీ గుర్తొస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత భారతదేశంలో సరదా కోసం వేటాడటం నేరం. 1959 ఆయుధాల చట్టం పంట కాపలా కోసం మజిల్‌లోడర్‌కు లైసెన్సు ఇచ్చే వీలు ఉంచింది, అంతవరకే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అమెరికా సంగతి. అక్కడ లైసెన్సు తీసుకుని చట్టబద్ధంగా వేటకు వెళ్లే తెలుగువారికి, ఈ సాంకేతికత మీద ఆసక్తి ఉన్నవారికి ఉపయోగపడాలని రాస్తున్నాను.

మొదట చట్టం. అమెరికాలో వేట నిబంధనలు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. చాలా రాష్ట్రాలు మజిల్‌లోడర్లకు విడిగా ఒక రుతువు కేటాయిస్తాయి. కొలరాడోలో అది సెప్టెంబరులో, ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పుల్లో మగవి ఆడవాటి కోసం కూతలు పెట్టే రోజుల్లో వస్తుంది. అడవిలో జనం తక్కువ, జంతువుల కదలిక ఎక్కువ. ఈ అవకాశం ఊరికే ఇవ్వలేదు. ఈ తుపాకీ దగ్గర నుంచే కొట్టగలదు, ఒక్కసారే పేలుతుంది, అందువల్ల జంతువుకు తప్పించుకునే వీలు ఎక్కువ అన్న లెక్క మీద ఇచ్చారు. తుపాకీల దూరం పెరిగేకొద్దీ ఆ లెక్క చెడుతుంది. అప్పుడు రాష్ట్రాలు నిబంధనలు బిగిస్తాయి. యూటా 2016లో వస్తువును దగ్గరగా చూపించే స్కోపులను మజిల్‌లోడర్ల మీద అనుమతించింది. 2024 నుంచి వాటిని మళ్లీ తీసేసింది. స్కోపుతో సహా ఖరీదైన తుపాకీ కొనుక్కున్నవారు ఆ ఏడాది వాటిని విప్పుకోవలసి వచ్చింది. ఈ విషయంలో నా అభిప్రాయం స్పష్టం: యూటా చేసింది సరైన పనే. దగ్గరి వేట కోసం కేటాయించిన రుతువును దూరపు వేటగా మార్చడం మొదలైతే, ఆ రుతువు ఎక్కువ కాలం మిగలదు.

కొలరాడో మజిల్‌లోడర్ రుతువులో స్కోపులు లేవు, అద్దాలు లేని ఓపెన్ సైట్లు లేదా చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్లే. తూటాకు సాబో అనే ప్లాస్టిక్ తొడుగు వేయకూడదు. మందు పొడిగా ఉండాలి, అచ్చుపోసిన గుళికలు కుదరవు. మామూలు రైఫిళ్ల మందైన స్మోక్‌లెస్ పౌడర్ నిషిద్ధం. జింకకు .40 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో) చాలు కానీ ఎల్క్‌కు, మూస్‌కు కనీసం .50 ఉండాలి. ఈ చివరి అంశం దగ్గర ఆగి ఆలోచించండి. నేడు దూరానికి పేరు పడ్డ కర్మాగారపు మజిల్‌లోడర్లలో ఎక్కువ భాగం .45 లేదా .40 క్యాలిబర్‌వి. అంటే దూరం కోసం కొన్న ఆ తుపాకీ కొలరాడో మజిల్‌లోడర్ రుతువులో ఎల్క్ మీద ఎక్కుపెట్టడానికే వీల్లేదు.

ఐడహో ఇంకా కఠినం. అక్కడి మజిల్‌లోడర్ వేటలో సుత్తి బయటికి కనిపించాలి. షాట్‌గన్‌లలో వాడే 209 ప్రైమర్ పనికిరాదు. చెకుముకి రాయితో, లేదా సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీలైన పర్కషన్ క్యాప్, మస్కెట్ క్యాప్‌లతోనే అంటించాలి. స్కోపు, సాబో, గుళికలు మూడూ నిషిద్ధమే. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే రుతువు పూర్తిగా చెకుముకి తుపాకులదే, 1974 నుంచి నడుస్తోంది. దీనికి భిన్నంగా మిడ్‌వెస్ట్‌లోని పలు రాష్ట్రాల్లో స్కోపు, సాబో, గుళికలు, 209 ప్రైమర్ అన్నీ చెల్లుతాయి. నిజమైన దూరపు మజిల్‌లోడర్ అలాంటి చోట్లకే సరిపోతుంది. మీ రాష్ట్రపు వన్యప్రాణి శాఖ ఏటా వేసే నిబంధనల పుస్తకాన్ని ఈ ఏడాదిది తీసుకుని చదవండి. నిరుటిది పనికిరాదు.

ఇక దూరం. మజిల్‌లోడర్ అంటే వంద గజాల ఆయుధమని చాలామంది నమ్ముతారు. చరిత్ర అలా చెప్పడం లేదు. 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మోర్ మైదానంలో ఐర్లాండ్, అమెరికా జట్లు 800, 900, 1,000 గజాల దూరాల్లో పోటీ పడ్డాయి. అమెరికన్లవి వెనక నుంచి కార్ట్రిడ్జ్ పెట్టే కొత్త రెమింగ్టన్, షార్ప్స్ తుపాకులు. ఐరిష్ జట్టువి రిగ్బీ కంపెనీ చేసిన మజిల్‌లోడర్లు. 934 పాయింట్లతో అమెరికా గెలిచింది, ఐర్లాండ్‌కు 931 వచ్చాయి. ఐరిష్ ఆటగాడు ఒకరు పక్క లక్ష్యం మీద గురి పెట్టి దాని నడిబొడ్డున కొట్టాడు. దానికి సున్నా వేశారు. సొంత లక్ష్యం మీద పడి ఉంటే నాలుగు పాయింట్లు వచ్చి ఐర్లాండ్ గెలిచేది. అంటే నూట యాభై ఏళ్ల కిందటే వెయ్యి గజాల దగ్గర మజిల్‌లోడర్ తన కాలపు అత్యుత్తమ రైఫిల్‌తో సమ ఉజ్జీగా నిలిచింది.

అది ఎలా సాధ్యమైందో అర్థమైతే ఎంపికలో సగం చిక్కు విడిపోతుంది. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు ఉంటాయి. అవి తూటాను గిర్రున తిప్పి బయటికి పంపుతాయి. తిరిగే బొంగరం నిలబడినట్టే తిరిగే తూటా ముక్కు ముందుకు ఉంచి వెళ్తుంది. తూటా ఎంత పొడవైతే అంత వేగంగా తిప్పాలి. గాడి ఒక పూర్తి చుట్టు తిరగడానికి ఎన్ని అంగుళాల గొట్టం పడుతుందో దాన్నే మెలి కొలతగా చెబుతారు. 1:28 అంటే 28 అంగుళాలకు ఒక చుట్టు. రెండో సంఖ్య తగ్గేకొద్దీ మెలి బిగువవుతుంది.

1857 తిరుగుబాటు కథలో మనం చదువుకున్న ఎన్‌ఫీల్డ్ రైఫిల్, ఆ కొవ్వు పూసిన తూటాల తుపాకీ, మజిల్‌లోడరే. దాని క్యాలిబర్ .577, మెలి 78 అంగుళాలకు ఒక చుట్టు. పొట్టి, లావు తూటాకు అది సరిపోయింది కానీ దూరం పోయేకొద్దీ గురి చెదిరేది. దాన్ని మెరుగుపరచమని బ్రిటిష్ ప్రభుత్వం అడిగితే ఇంజనీరు జోసఫ్ విట్‌వర్త్ గొట్టాన్ని .451కి సన్నబరిచి, తూటాను పొడుగు చేసి, మెలిని 20 అంగుళాలకు బిగించాడు. 1860లో వింబుల్డన్‌లో విక్టోరియా రాణి పోటీలను ప్రారంభిస్తూ, బిగించి ఉంచిన విట్‌వర్త్ రైఫిల్‌ను 400 గజాల నుంచి పేల్చినప్పుడు తూటా లక్ష్యం మధ్య నుంచి అంగుళంపావు పక్కన పడింది. ఈ రోజు సీవీఏ కంపెనీ పారమౌంట్ పేరుతో అమ్ముతున్న దూరపు మజిల్‌లోడర్ .45 క్యాలిబర్, మెలి 1:22. విట్‌వర్త్ లెక్కకూ దీనికీ తేడా చాలా కొంచెం.

ఈ పొడవు, మెలి సంబంధాన్ని 1879లో ఆల్‌ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ ఒక సులువైన సూత్రంగా చెప్పాడు. తూటా వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, 150తో హెచ్చవేసి, తూటా పొడవుతో భాగిస్తే కావలసిన మెలి వస్తుంది. .45 వ్యాసం, 1.3 అంగుళాల పొడవు ఉన్న తూటాకు వేసి చూడండి: 23 చిల్లర. అంటే 1:22 గొట్టం సరిపోతుంది, 1:28 గొట్టంలో ఆ తూటా తడబడవచ్చు. అదే అర అంగుళం గుండ్రటి సీసపు గుండుకు వేస్తే 75 వస్తుంది. పాతకాలపు పద్ధతి తుపాకుల్లో 1:66, 1:70 మెలి కనిపించడానికి కారణం ఇదే. సీసం కన్నా తేలికైన రాగి తూటాలు అదే బరువుకు పొడవు ఎక్కువ ఉంటాయి కాబట్టి వాటికి మెలి ఇంకాస్త బిగువుగా ఉండాలి. అంగట్లో తరచూ కనిపించే 1:48 గుండుకూ పొడవు తూటాకూ మధ్య రాజీ. రెండిటికీ పనికొస్తుందని చెబుతారు, దూరానికి మాత్రం నేను దాన్ని తీసుకోను.

కాబట్టి ముందు తూటా, ఆ తర్వాత గొట్టం. గుండ్రటి గుండు గాలిని చీల్చడంలో చాలా బలహీనం. సెకనుకు 1,900 అడుగుల వేగంతో బయలుదేరిన .50 గుండు వంద గజాలు చేరేసరికి శక్తిలో సగానికి పైగా కోల్పోతుంది. అడవిలో ఎనభై గజాల లోపు జింకకు అది ఎంతో నమ్మకమైనది, అంతకు మించి ఆశించకూడదు. సాబో తొడుగులో కూర్చే పిస్తోలు తూటాలు .50 గొట్టంలో 1:28 మెలితో రెండు వందల గజాల దాకా బాగా పనిచేస్తాయి. కానీ ప్లాస్టిక్ తొడుగు గొట్టం వేడికి మెత్తబడుతుంది, ఎండలో వరసగా కాల్చితే గురి చెదురుతుంది. రెండు వందల గజాలు దాటాలంటే గొట్టం వ్యాసానికి సరిగ్గా సరిపోయే, తొడుగు లేని, ముక్కు సన్నగా ఉన్న పొడవు తూటా కావాలి. ఇలాంటి తూటా గొట్టంలోకి దిగేటప్పుడు ఎంత బిగువుగా ఉందన్నది ముఖ్యం. బొటనవేలితో నొక్కితే జారిపోయేంత వదులైతే మందు దగ్గర కదలకుండా కూర్చోదు. కడ్డీ మీద బరువంతా వేస్తే గాని దిగకపోతే తూటా ఆకారం చెడుతుంది. శ్రద్ధ ఉన్నవాళ్లు తమ గొట్టం కొలతకు తగిన అచ్చులోంచి తూటాలను నెట్టి వ్యాసం సరిచేసుకుంటారు.

ఇప్పుడు మందు, దాన్ని అంటించే పద్ధతి. ఈ రెండిటినీ విడదీసి చూడటం కుదరదు. అసలు సిసలైన బ్లాక్ పౌడర్‌లో 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం ఉంటాయి. కాలినప్పుడు అందులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలి గొట్టానికి అంటుకుంటుంది. ఆ మసి గాలిలోని తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. అందుకే 1970ల్లో పైరోడెక్స్, తర్వాత గంధకం లేని ట్రిపుల్ సెవెన్ వంటి ప్రత్యామ్నాయ మందులు వచ్చాయి. 2008లో వచ్చిన బ్లాక్‌హార్న్ 209 దూరపు వేటగాళ్లకు ప్రాణమైంది. మసి తక్కువ, వేగం ఎక్కువ, ఒక పేలుడుకూ మరో పేలుడుకూ తేడా తక్కువ. కానీ అది మొండిగా అంటుకుంటుంది. చిన్న పర్కషన్ క్యాప్ నిప్పు దానికి చాలదు, 209 ప్రైమర్ వంటి బలమైన మంట కావాలి. ఐడహోలో 209 ప్రైమర్‌కు అనుమతి లేదని పైన చెప్పాను. అంటే ఆ రాష్ట్రపు మజిల్‌లోడర్ రుతువులో బ్లాక్‌హార్న్ దారి మూసుకుపోయింది. ఆ మందును నమ్ముకున్న తూటా వేగమూ అందదు, ఆ వేగాన్ని నమ్ముకున్న దూరమూ అందదు. చట్టంలోని ఒక్క వాక్యం గొట్టం కొలత దాకా ఎలా పాకుతుందో చూడండి.

అంటించే పద్ధతుల్లో చెకుముకి తుపాకీకి తనదైన అందం ఉంది. కానీ మీట నొక్కినప్పటికీ పేలినప్పటికీ మధ్య గమనించగలిగేంత జాగు ఉంటుంది, వాన పడితే నమ్మలేం. దూరం కోసం కాదు. సుత్తి పక్కన ఉండే పర్కషన్ తుపాకులు దానికన్నా మేలు. ప్రైమర్‌ను గొట్టానికి సరిగ్గా వెనక పెట్టే ఇన్‌లైన్ పద్ధతిని వేటలో స్థిరపరచింది మిస్సోరీకి చెందిన టోనీ నైట్. ఆయన 1985లో తెచ్చిన ఎంకే-85తో ఆధునిక మజిల్‌లోడర్ల యుగం మొదలైంది. ఆ తర్వాతి అడుగు గాలి చొరబడకుండా మూసే అమరిక. 2014 నాటి రెమింగ్టన్ 700 అల్టిమేట్, తర్వాత వచ్చిన పారమౌంట్ రెండూ షాట్‌గన్ ప్రైమర్‌కు బదులు పెద్ద రైఫిల్ ప్రైమర్‌ను చిన్న లోహపు గిన్నెలో పెట్టి వాడతాయి. వెనక్కి వాయువు కారదు. ఒత్తిడి ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉంటుంది.

ఆ ‘ఒకేలా’ అన్నదే దూరపు వేటలో అసలు సంగతి. లెక్క వేసి చూపిస్తాను. బాగా రూపొందించిన .45 తూటా సెకనుకు 2,200 అడుగుల వేగంతో బయలుదేరిందనుకుందాం. 300 గజాలు చేరడానికి సుమారు అర సెకను లోపు పడుతుంది, ఆ లోపల భూమ్యాకర్షణకు మూడున్నర అడుగులు దిగుతుంది. 500 గజాలకు సుమారు 0.85 సెకను, పదకొండు అడుగులకు పైగా దిగుడు. ఇప్పుడు ఒక పేలుడులో వేగం 30 అడుగులు పెరిగి, మరో దానిలో 30 తగ్గిందనుకోండి. మజిల్‌లోడర్‌లో ఇది వింతేమీ కాదు. 300 గజాల దగ్గర ఆ తేడా రెండు అంగుళాల పైచిలుకు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల వెడల్పు అనుకుంటే తట్టుకోవచ్చు. 500 గజాల దగ్గర అదే తేడా ఏడు అంగుళాలకు పైన. ఎంత బాగా గురి పెట్టినా మందు తేడా ఒక్కటే ఆ చోటునంతా దాదాపు తినేస్తుంది.

గాలి ఇంకా కఠినం. గంటకు పది మైళ్ల అడ్డగాలి, అంటే ఆకులు నిరంతరం కదిలేపాటి గాలి, ఈ తూటాను 300 గజాల దగ్గర సుమారు పది అంగుళాలు పక్కకు నెడుతుంది. 500 దగ్గర రెండు అడుగులు దాటుతుంది. గాలిని రెండు మూడు మైళ్ల తేడాతో తప్పుగా అంచనా వేసినా జంతువు గాయంతో పారిపోతుంది. ఆ 0.85 సెకనులో జింక ఒక అడుగు వేస్తే చాలు, ఊపిరితిత్తుల మీద గురి పెట్టినది పొట్టలో తగులుతుంది. రెండో తూటా కోసం మందు కొలిచి, పోసి, దట్టించి, ప్రైమర్ పెట్టే లోపు అది కనుచూపు దాటిపోతుంది. అందువల్ల కాగితపు లక్ష్యాల మీద 500 గజాలు కొట్టగల తుపాకీ ఉన్నా, బతికున్న జంతువు మీద నేను 250 దాటను. చాలా సాధన చేసినవారు నిశ్చలమైన రోజున 300 వరకు వెళ్లడం ఒప్పుకుంటాను. అంతకు మించి అమ్మకందారు చెప్పే దూరాలు కాగితానికి సంబంధించినవి.

ఓపెన్ సైట్లతో వేటాడే రాష్ట్రాల్లో ఈ దూరాలు ఇంకా తగ్గుతాయి. కంటిచూపు బాగున్నవారికి వంద నుంచి నూట యాభై గజాలు. అక్కడ పీప్ సైట్ మీద పెట్టే డబ్బు గొట్టం మీద పెట్టే డబ్బు కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. పైగా సెప్టెంబరులో కూత విని దగ్గరికి వచ్చే ఎల్క్‌కు అంత దూరం అవసరమూ రాదు.

తుపాకీని చేతికి తీసుకున్నప్పుడు ఏం చూడాలో చెబుతాను. ముందు అది ఖాళీగా ఉందో లేదో తేల్చుకోండి. మజిల్‌లోడర్‌లో ఇది కంటికి కనిపించదు. కడ్డీని గొట్టంలోకి దించి, మూతి దగ్గర వేలితో పట్టి బయటికి తీసి, గొట్టం పక్కన పెట్టి చూడండి. కడ్డీ కొస బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక కొసను మూసే మర) దాకా చేరిందంటే ఖాళీ. రెండు మూడు అంగుళాలు తక్కువైందంటే లోపల మందు, తూటా ఉన్నాయి. తర్వాత బ్రీచ్ ప్లగ్‌ను విప్పమని అడగండి. అది చేత్తోనో చిన్న రెంచ్‌తోనో సాఫీగా రావాలి. మర మీద నలుపు, కొరికినట్టున్న గుంటలు ఉంటే ఆ తుపాకీని వెనక్కి ఇచ్చేయండి. ప్లగ్ తీసిన గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే గాళ్లు కొస నుంచి కొస దాకా ఒకే మెరుపుతో కనిపించాలి. ఎక్కడైనా మసకబారిన ఉంగరం కనిపిస్తే అక్కడ తుప్పు మొదలైనట్టు. మూతి అంచు మీద వేలు తిప్పండి. తూటాను చివరిసారి తాకేది ఆ అంచే, అక్కడ గాటు ఉంటే మిగతాదంతా బాగున్నా వృథా.

పాత తుపాకీ మీద మెలి కొలత రాసి లేకపోతే మీరే కొలవవచ్చు. శుభ్రం చేసే కడ్డీకి బిగువైన గుడ్డ చుట్టి గొట్టంలోకి దించండి. పిడి స్వేచ్ఛగా తిరిగే కడ్డీ అయి ఉండాలి. మూతి దగ్గర కడ్డీ మీద ఒక గుర్తు, దాని పైవైపున మరో గుర్తు పెట్టి మెల్లగా నెట్టండి. గుడ్డ గాళ్ల వెంట తిరుగుతూ కడ్డీని కూడా తిప్పుతుంది. పై గుర్తు సగం చుట్టు తిరిగేసరికి కడ్డీ ఎన్ని అంగుళాలు దిగిందో కొలిచి రెండింతలు చేస్తే మెలి తెలుస్తుంది. అమ్మేవారి మాట కన్నా ఇది నమ్మదగినది.

ధరల సంగతి క్లుప్తంగా. గొట్టాన్ని కిందికి వంచి తెరిచే సాధారణ ఇన్‌లైన్ తుపాకులు మూడు నాలుగు వందల డాలర్ల నుంచి దొరుకుతాయి, రెండు వందల గజాల లోపు వేటకు అవి చాలు. సీవీఏ అక్యూరా ఎల్ఆర్-ఎక్స్ వంటివి మధ్య తరగతి. అందులో .45 క్యాలిబర్‌కు 1:22, .50కి 1:28 మెలి వస్తుంది, కాబట్టి ఏది తీసుకుంటున్నారో చూసుకోవాలి. పారమౌంట్ వెయ్యి డాలర్లు దాటుతుంది. చేతితో కట్టించుకునే తుపాకులు నాలుగైదు వేలకు పైనే. నా సలహా అడిగితే, మధ్య తరగతి తుపాకీ తీసుకుని మిగిలిన డబ్బుతో తూటా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్, మంచి మందు, సరిపడా తూటాలు కొనమంటాను. ఒకేసారి యాభై గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే మందుకు వాడే చిన్న కొలత) గుళికలు మూడు వేసి 150 గ్రెయిన్లు కాల్చమనే ప్రకటనలను పట్టించుకోకండి. ఆ మూడో గుళిక తుపాకీ తన్నును పెంచినంతగా గురిని పెంచదు. పొడి మందును కొద్దికొద్దిగా మార్చుతూ మీ గొట్టానికి నచ్చిన కొలత కనుక్కోవచ్చు, గుళికలతో ఆ వీలు లేదు.

కొలత అనగానే ఒక ప్రమాదం చెప్పక తప్పదు. మజిల్‌లోడర్ మందును సంప్రదాయంగా బ్లాక్ పౌడర్ ఘనపరిమాణంతో కొలుస్తారు. కొలపాత్ర మీద 100 అని ఉన్నంతవరకు నింపిన బ్లాక్‌హార్న్ త్రాసులో సుమారు 70 గ్రెయిన్లే తూగుతుంది. ఈ తేడా తెలియక త్రాసులో 100 గ్రెయిన్లు తూచి పోస్తే తుపాకీ తట్టుకోగల ఒత్తిడి దాటిపోవచ్చు. మామూలు రైఫిళ్లలో వాడే స్మోక్‌లెస్ పౌడర్‌ను బ్లాక్ పౌడర్ తుపాకీలో చిటికెడు కూడా వేయకూడదు. గొట్టం పగిలి చేతులు, కళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. స్మోక్‌లెస్ కోసమే తయారైన మజిల్‌లోడర్లు విడిగా ఉన్నాయి, సావేజ్ కంపెనీ 10ఎంఎల్ వాటిలో పేరున్నది. అవి వేరే జాతి, చాలా రాష్ట్రాల మజిల్‌లోడర్ రుతువుల్లో ఆ మందుకు అనుమతి లేదు. వాడిన తుపాకీ కొంటుంటే సీరియల్ నంబరు కూడా చూడండి. 1995, 1996 సంవత్సరాల్లో తయారైన సీవీఏ ఇన్‌లైన్ తుపాకులను 1997లో ప్రమాదకరమని వెనక్కి పిలిచారు. వాటి నంబరు -95 లేదా -96తో ముగుస్తుంది. అవి ఇప్పటికీ పాత సామాను అమ్మకాల్లో తేలుతుంటాయి. ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

వీసా మీద అమెరికాలో ఉన్న మనవారికి ఒక మాట. 1968 నాటి ఫెడరల్ చట్టం చాలా మజిల్‌లోడర్లను పురాతన ఆయుధాల కోవలో చేర్చి మామూలు తుపాకుల నియమాల నుంచి మినహాయించింది. కానీ ఆ మినహాయింపు అన్నిటికీ లేదు. గొట్టం మార్చి మామూలు రైఫిల్‌గా వాడగల థాంప్సన్ సెంటర్ ఎన్‌కోర్ వంటివి తుపాకులుగానే లెక్కలోకి వస్తాయి. హెచ్1బీ వంటి వీసాదారులకు తుపాకీ దగ్గర ఉంచుకోవడంపై ఫెడరల్ నిషేధం ఉంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. దీని మీద రాష్ట్రాల చట్టాలు వేరే. అంగడివాడి భరోసా మీద ఆధారపడకుండా ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగి రాతపూర్వకంగా సమాధానం తీసుకున్నాకే కొనండి. పొరపాటు జరిగితే పోయేది తుపాకీ ఒక్కటే కాదు.

కొన్నాక చేయవలసిన పని ఎక్కువ. మందు కొలత, తూటా, ప్రైమర్ ఖరారయ్యాక తూటా సరిగ్గా కూర్చున్నప్పుడు కడ్డీ మూతి దగ్గర ఎక్కడికి వస్తుందో అక్కడ చెరగని గీత పెట్టండి. ప్రతిసారీ ఆ గీత మూతి అంచుకు రావాలి. పైన ఉంటే తూటా మందు మీద పూర్తిగా కూర్చోలేదు, మధ్యలో ఖాళీ ఉంది, అలా పేల్చడం ప్రమాదం. కిందికి వెళ్తే మందు తక్కువ పడింది. చలిలో తిరిగి వచ్చిన తుపాకీని వెచ్చటి ఇంట్లోకి తెస్తే గొట్టం లోపల తేమ పేరుకుని మరుసటి ఉదయం మందు అంటుకోకపోవచ్చు. రాష్ట్ర నియమాల ప్రకారం ప్రైమర్ తీసేసి, తాళం వేసిన చల్లటి చోటే ఉంచడం మంచిది. బ్లాక్ పౌడర్, ట్రిపుల్ సెవెన్ మసి వేడినీళ్లతో పోతుంది, బ్లాక్‌హార్న్‌కు మాత్రం నూనె తరహా ద్రావకం వాడాలి. ఏ మందైనా అదే రోజు రాత్రి కడగాలి.

ఇక మీ దూరం ఎంతో తేల్చుకోవడం. దీనికి ఒకేచోట కూర్చుని వరసగా పది కాల్చడం పనికిరాదు. వేటలో లెక్కకొచ్చేది చల్లటి గొట్టంతో కాల్చిన మొదటి తూటా. కాబట్టి మైదానానికి వెళ్లిన ప్రతి రోజూ మొదటి తూటాను వేటలో కూర్చునే భంగిమలోనే, ఎనిమిది అంగుళాల కాగితపు పళ్లెం మీద కాల్చి, ఆ పళ్లెం మీద తేదీ, దూరం, గాలి రాసి దాచుకోండి. తక్కిన తూటాలు సాధన కోసం. వేట రుతువు దగ్గరపడ్డాక ఆ పళ్లాలను దూరాల వారీగా పేర్చి చూస్తే, ఏ దూరం వరకు ఒక్కటీ తప్పలేదో అదే మీ దూరం. అది 130 గజాలని తేలితే, తుపాకీ పెట్టె మీద ఏ అంకె రాసి ఉన్నా, 140 గజాల దూరాన నిలబడ్డ జింకను దాని దారిన పోనివ్వండి, లేదా పది గజాలు దగ్గరికి పాకండి.